నంబరు పక్క పాయింటు

హాస్టలు, అయిదో అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

బాబాయికి,

నువ్వూ పిన్నీ ఊరు మారి నెల కావస్తోంది. ఫోను చేస్తే నువ్వు "ఆ, బాగున్నాను, ఇదిగో పిన్నికిస్తున్నా" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తావు. పైగా మన కొలత గదిలోకి ఫోను రానివ్వరు, కాగితం రానిస్తారు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నువ్వు రాసింది జేబులో పెట్టుకుని పీసుకీ పీసుకీ మధ్య తీసి చూసుకుంటాను.

నీ పక్కన నెల పైన నేర్చుకుని, నీ కుర్చీలో కూర్చుని మూడు వారాలయింది. ఇరవై రెండేళ్లు నువ్వు చేత్తో పట్టుకున్న, కొలత మెషినుని నడిపే జాయ్‌స్టిక్ డబ్బా ఇప్పుడు నా చేతిలో ఉంది. నీ బొటనవేలు అరగదీసిన చోట నా బొటనవేలు పెడుతున్నాను. అయినా ఒళ్లంతా భయమే. పుల్ల పక్కలకి తోస్తే మెషిను పక్కలకి పోతుంది, మెలితిప్పితే కొలిచే సూది, అదే ప్రోబ్, పైకీ కిందకీ పోతుంది, ఇదంతా నిద్రలో అడిగినా చెప్తాను. కానీ దాని కొసనున్న ఆ ఎర్ర కెంపు గుండు పీసు దగ్గరకి వెళ్తుంటే ఊపిరి బిగబట్టేస్తున్నాను. మొన్న వేగం తగ్గించే తాబేలు బటన్ నొక్కడం మరిచిపోయి అదే జోరుతో గుండుని తీసుకెళ్లి పీసుకి కొట్టాను. మెషిను కీచుమని ఆగిపోయింది. అద్దాల అవతల గదిలో కూర్చునే మన ఇన్‌చార్జి మేడమ్ తలెత్తి చూసింది. మళ్లీ కాగితాల్లోకి తల దించుకుంది. తిట్టుంటే బాగుండేది. గుండు విరగలేదు కానీ నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంకో సంగతి. లిఫ్టు బ్రేకు కేసింగులు వస్తున్నాయి కదా, వాటి రంధ్రంలో చుట్టూ గుండు తాకించి ఎనిమిది పాయింట్లు తీస్తున్నాను. ఏడు బుద్ధిగా ఉంటాయి. పోతలో ఉబ్బెత్తుగా నంబరు ఉంటుంది చూడు, దాని పక్కన తీసే నాలుగో పాయింటు మాత్రం ఎగురుతోంది. ఉండాల్సిన చోటుకంటే ముప్పై మైక్రాన్లు లోపలికి చూపిస్తోంది. ఇరవై దాటితే పీసు పనికిరాదు కదా. వెంట్రుకలో సగం కూడా లేని దాని కోసం నా గుండె ఇంత కొట్టుకుంటోంది! నువ్వు నేర్పినట్టే డిలీట్ బటన్ నొక్కి, కాస్త పక్కకి జరిగి మళ్లీ తీస్తే సరిగ్గా వస్తోంది. అంతే కదా చెయ్యాల్సింది?

మూడు నెలల పరీక్ష గడువు పూర్తయ్యేదాకా నా ఉద్యోగం దినదినగండమే. నీ పేరు చూసి తీసుకున్నారు. నీ తల వంచేలా చేస్తానేమోనని అదో దిగులు.

నీ పిచ్చుక


ఇల్లు, వంటింటి బల్ల
గురువారం

చిరంజీవి పిచ్చుకకి,

నాకు కళ్లు కాస్త మసకగా ఉంటున్నాయి, అందుకని మీ పిన్ని చేత రాయిస్తున్నాను. అక్షరాలు గుండ్రంగా ఉంటే నావనుకోకు.

భయపడకు. గుండు కొట్టుకోని వాళ్లెవరూ ఆ గదిలో లేరు. నేను మొదటి ఏడాదిలో రెండు విరగ్గొట్టాను. పీసుకి బెత్తెడు దూరంలో తాబేలు బటన్ నొక్కు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టకు, వదులు. ఊపిరి బిగబడితే భుజం బిగుస్తుంది, భుజం బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, అక్కడినుంచి పుల్లకి తెలిసిపోతుంది. డబ్బాని పొట్టకి ఆనించి పట్టుకో. పుల్లని రెండు వేళ్లతో పట్టుకో, పిడికిలితో కాదు. అది గేదె పలుపు కాదు.

నాలుగో పాయింటు సంగతి. నంబరు ఉన్న పక్క నీకు అవతలి వైపు పడుతుంది. అక్కడికి వెళ్లాలంటే చెయ్యి తిప్పాలి. చెయ్యి తిరిగితే గుండు నేరుగా తాకదు, జారుతుంది. జారిన పాయింటు తప్పు పాయింటు. డిలీట్ నొక్కి మళ్లీ తియ్యి. నాకూ అక్కడే అలా అయ్యేది. అది చేతి తప్పు, పీసు తప్పు కాదు.

నా తల సంగతి నీకెందుకు. అది వంచాలన్నా వంగదు, మెడ నొప్పి.

ఆశీస్సులతో,
బాబాయి

ఇది నేను రాస్తున్నానే, ఆయన చెప్పలేదు. ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ బాబాయికి పొద్దున్నే పేపరంతా చదివి నాకు వినిపించడం తప్ప వేరే పనిలేదు. టీ మాత్రం గ్లాసులో సగమే పోయమంటాడు. రెండుసార్లు పోయడం నాకు పని. - పిన్ని


హాస్టలు
ఆదివారం

బాబాయికి,

నీ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఊపిరి వదలడం పనిచేసింది. రెండు వేళ్లూ పనిచేశాయి. మేడమ్ ఒకసారి వెనక నిలబడి చూసి, "మీ బాబాయి లాగే పట్టుకున్నావే" అంది. ఆ పూటంతా నేల మీద నడవలేదు నేను.

కానీ నాలుగో పాయింటు ఎగరడం మానలేదు. ఎంత నెమ్మదిగా వెళ్లినా అంతే. ఈ వారం వచ్చిన కేసింగుల్లో చాలావాటికి అదే. ఇప్పటికి పంతొమ్మిది పీసులకి డిలీట్ నొక్కాను. లెక్క ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. నొక్కిన ప్రతిసారీ దొంగతనం చేసినట్టు అద్దాల వైపు చూస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, కేసింగుకి రంధ్రం చేసే బోరింగ్ మేస్త్రీని అడిగాను, ఈ కేసింగు ఏం చేస్తుందని. ఆయన తన టిఫిను డబ్బా మూతనే చూపించి చెప్పాడు. ఆ రంధ్రంలో బ్రేకు ఇరుసు తిరుగుతుందట. లోపల ఒక పక్క ఉబ్బి ఉంటే, వేడెక్కినప్పుడు ఇరుసు పట్టేస్తుందట. అప్పుడు బ్రేకు పడాల్సినంత గట్టిగా పడకపోవచ్చట. చెప్పి, మూత పెట్టుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ రోజునుంచి హాస్టల్లో లిఫ్టు ఎక్కడం మానేశాను. అయిదు అంతస్తులూ మెట్లే. వార్డెను నవ్వుతోంది, సన్నబడాలనుకుంటున్నావా అని. ఇందులో మనం కొలిచిన కేసింగు ఉందో లేదో కూడా తెలియదు, అయినా కాలు పడటం లేదు. అది నిజంగా నా చేతి తప్పేనా బాబాయ్? మేడమ్‌ని అడగనా?

ఇంకో మాట, కోప్పడకు. నీకు కళ్లు మసక అన్నావు. పేపరంతా నువ్వే చదువుతున్నావని పిన్ని రాసింది. గ్లాసు సగమే ఎందుకు పోయమంటున్నావు?

పిచ్చుక


ఇల్లు
బుధవారం

పిచ్చుకకి,

కొత్తవాళ్లకి చెయ్యి కుదరడానికి ఆరు నెలలు పడుతుంది. నువ్వు రెండు నెలలకే మెషిను మీద పెత్తనం చేస్తానంటే ఎలా? అనుభవం ఉన్నవాణ్ణి చెప్తున్నాను, అది చేతి తప్పు. డిలీట్ నొక్కు, మళ్లీ తియ్యి, ముందుకు పో.

మేడమ్‌ని అడగొద్దు. అడిగితే పంతొమ్మిది పాయింట్లు ఎందుకు చెరిపావని అడుగుతుంది. నీ చెయ్యి కుదరలేదని రాసుకుంటుంది. గడువు మూడు వారాల్లో ఉంది. చేతులారా చెడగొట్టుకోకు.

నా కళ్ల సంగతీ నా గ్లాసు సంగతీ నీకు అనవసరం. మెట్లెక్కడం మానెయ్, లిఫ్టు ఎక్కు.

బాబాయి

ఈసారి నన్ను ఏమీ కలపొద్దన్నాడు. కలపడం లేదు. - పిన్ని


కొలత గది పక్క వరండా, తర్వాత హాస్టలు
శనివారం

బాబాయికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడుపొచ్చింది. నువ్వు నన్ను ఎప్పుడూ అలా కసరలేదు. చిన్నప్పుడు నీ వెర్నియరు కాలిపరు తీసుకుని వీధి కుక్క తోక కొలిచినప్పుడు కూడా, "ఎంతొచ్చింది?" అనే అడిగావు.

అందుకే, నువ్వు చెప్పింది తప్పని కాదు, ఒప్పని నిరూపించుకుందామనే ఒక పని చేశాను. ఈవేళ మధ్యాహ్నం మేడమ్ మీటింగుకి వెళ్లింది. ఒక కేసింగు తీసుకుని ఎప్పటిలాగే బిగించి ఎనిమిది పాయింట్లు తీశాను. నంబరు అవతల ఉంది. నాలుగోది ఎగిరింది. అప్పుడు పీసుని విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాను. ఇప్పుడు నంబరు నా పొట్ట వైపుకి వచ్చింది. చెయ్యి తిప్పక్కర్లేదు, పుల్ల ఎంతో సులువుగా కదులుతోంది. మళ్లీ ఎనిమిది తీశాను.

తప్పు నా చేతిదయితే, నా చెయ్యి తిరిగే అవతలి పక్కనే మళ్లీ ఎగరాలి కదా? అవతలి పక్క చక్కగా వచ్చింది. ఎగిరింది నంబరు పక్కనే. నా కళ్ల ముందు, నా చేతి కింద. ముప్పై ఒకటి.

ఇంకో పీసు పెట్టాను. ఇరవై తొమ్మిది. ఇంకోటి. ముప్పై మూడు. నంబరుని ఎటు తిప్పితే తప్పు అటే వెళ్తోంది బాబాయ్. అది చేతిది కాదు. పీసుదే. నేను పక్కకి జరిగి తీసిన ప్రతి పాయింటూ ఆ ఉబ్బుని తప్పించుకుని తీసినదే. ఈ వారం ఎగిరినవి పక్కన పెట్టాను కానీ, అంతకుముందు పంతొమ్మిది చెడ్డ కేసింగులకి నేనే మంచివని సంతకం పెట్టాను.

డబ్బా కొక్కేనికి తగిలించి వరండాలోకి వచ్చి కూర్చుని సగం రాశాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను, నిజం చెప్పు. "నాకూ అక్కడే అలా అయ్యేది" అని మొదటి ఉత్తరంలో రాయించావు. ఎన్నాళ్లు అయింది? ఎన్ని పీసులకి?

సోమవారం పొద్దున్నే మేడమ్‌కి చెప్పేస్తున్నాను. నా పంతొమ్మిదీ చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ. నీ సంగతి మాత్రం నేను చెప్పను. అది నువ్వు చెప్పాల్సింది. కానీ నీ కాలంలో వెళ్లిన కేసింగులు ఎక్కడెక్కడ బిగించారో, వాటిలో ఈ పూట ఎవరెవరు ఎక్కి దిగుతున్నారో అనుకుంటే కంటిమీద కునుకు పడేలా లేదు.

పిచ్చుక


ఇల్లు
మంగళవారం

అమ్మడూ,

ఇది పూర్తిగా నేను రాస్తున్నాను. నీ ఉత్తరం ఆయన నిలబడి చదివాడు, తర్వాత కూర్చుని చదివాడు, తర్వాత అన్నం ముందు పెట్టుకుని కలపకుండా కూర్చున్నాడు.

నీ దగ్గర దాచి లాభం లేదు. ఆయనకి కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. చెయ్యి వణుకుతోంది. కుడిచెయ్యి. ఏడాది కావస్తోంది. ఉద్యోగంలో ఉండగానే మొదలయింది. అందుకే రిటైరు కావాల్సిన గడువుకి ముందే మానేశాడు. కళ్లని వంక పెట్టమని చెప్పింది నేనే, పేపరు సంగతి రాసి నోరు జారిందీ నేనే. ఆయన్ని ఎవరూ జాలిగా చూడకూడదని నా బాధ. ఇంత దూరం వస్తుందని నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా గ్లాసు సగం పోస్తే ఒలకదని.

ఇప్పుడు బల్ల దగ్గర కూర్చున్నాడు. తనే రాస్తాడట. ఆరు కాగితాలు చింపాడు. నేను రాస్తానంటే కలం ఇవ్వడం లేదు.

పిన్ని


ఇల్లు

పిచ్చుకా,

ఈ వంకర గీతలు నావి. చదువుకో. పెద్ద వాక్యాలు రాయలేను.

నువ్వు చేసిన పని నేను చెయ్యాల్సింది. పీసుని తిప్పి చూడటం. ఎంతమందికి నేర్పానో. తప్పెవరిదో తెలియకపోతే తిప్పి చూడు అని. నా విషయంలో తిప్పి చూడలేదు. భయం వేసింది.

చెయ్యి వణకడం మొదలయ్యాక కొన్నాళ్లకి ఆ పాయింటు ఎగరడం మొదలయింది. రెండూ ఒకటే అనుకున్నాను. అవతలి పక్క నాకు మరీ వణుకు. పాయింటు ఎగిరిన ప్రతిసారీ నా చెయ్యి నన్ను పట్టించేస్తోందనుకుని సిగ్గుతో చెరిపాను. మేడమ్ చూడకముందే. నీకూ అదే నేర్పి వచ్చాను. నువ్వు అడిగితే కసిరాను. నీ చెయ్యి మంచిది. అది నాకు తెలుసు. తెలిసే కసిరాను. అందుకు నన్ను క్షమించు.

దీనితో ఒక చిన్న పుస్తకం పంపుతున్నాను. మీ పిన్నికి కూడా తెలియదు. గడ్డం గీసుకునే పెట్టెలో ఉంచాను. చెరిపిన ప్రతి పాయింటూ ఇందులో రాశాను. తేదీ, పీసు నంబరు, ఎన్ని మైక్రాన్లు. చెయ్యి ఎంత పాడవుతోందో చూసుకోవడానికి. ఎప్పటికైనా డాక్టరుకి చూపిద్దామని. చూపించలేదు. నలభై ఏడు ఉన్నాయి.

ఇంకో కాగితం మేడమ్‌కి. అంతా రాశాను. నా చేత్తోనే. వణుకు ఎంతుందో ఆవిడకీ తెలియాలి. నువ్వే ఇవ్వు. నీ పంతొమ్మిదీ నేను చెప్తేనే చెరిపావని అందులో ఉంది.

ఇరవై రెండేళ్లలో ఒక్క పీసూ వెనక్కి రాలేదని గోడ మీద రాసి నా ఫొటో పెట్టారు. అది తీసెయ్యమని చెప్పు.

ఎవరికైనా ఏమైనా అయిందేమో రాయి. ముందు అది రాయి.

బాబాయి


హాస్టలు, అయిదో అంతస్తు
ఆదివారం

బాబాయికి,

ముందు అదే రాస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ రాస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక కూర్చుని మిగతాది చదువు.

సోమవారం నేను మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ విని, తనే డబ్బా తీసుకుని, పీసుని రెండు వైపులా తిప్పి కొలిచింది. బోరింగ్ మేస్త్రీని పిలిచింది. ఎనిమిది నెలల కింద ఆయన మెషినుకి, పీసుని బిగించి పట్టే కొత్త దవడలు వేశారట. అందులో ఒకటి నంబరు దగ్గర పీసుని లోపలినుంచి బయటికి మరీ గట్టిగా నెడుతోంది. అలా నెట్టి ఉండగా రంధ్రం చేస్తే గుండ్రంగానే ఉంటుంది, విప్పగానే అక్కడ లోపలికి ఉబ్బుతుంది. మేస్త్రీ తల పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. నా పంతొమ్మిది ఇంకా గిడ్డంగి దాటలేదు, ఆపేశారు. కానీ అంతకుముందు ఆరు వందల పైచిలుకు వెళ్లిపోయాయి. వాటిలో ఏవి చెడ్డవో ఎవరికీ తెలియదు. ఆరు వందల లిఫ్టులు ఆపించాలా అని మేడమ్ మొహం పాలిపోయింది.

గురువారం నీ కవరు వచ్చింది. నీ ఉత్తరం ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం తెరిచింది. మొదటి పేజీ మీద నువ్వు "చెయ్యి" అని ఒక్క మాట రాశావు. ఇదేమిటని అడిగింది. చెప్పాను.

నీ నలభై ఏడింట్లో ఆరు మన గిడ్డంగిలోనే ఉన్నాయి, ఎవరో వద్దని ఆపిన ఆర్డరువి. వాటిని తెప్పించి నన్ను కొలవమంది. నీ పుస్తకం ఆవిడ చేతిలో, డబ్బా నా చేతిలో. నేను అంకె చెప్పడం, ఆవిడ నీ అంకె చదవడం. నాది ముప్పై రెండు, నీది ముప్పై ఒకటి. నాది ఇరవై ఎనిమిది, నీదీ ఇరవై ఎనిమిదే. నాది ముప్పై నాలుగు, నీది ముప్పై మూడు. ఆరింటికి ఆరూ అంతే. ఒక్క మైక్రాను మించి తేడా రాలేదు. ఆ తర్వాత నువ్వు చెరపని పీసులు పన్నెండు తెప్పించి కొలిచాము. అన్నీ మంచివే.

తాబేలు బటన్ మీద ఉన్నప్పుడు వణుకు గుండు దాకా వెళ్లలేదు బాబాయ్. నలభై ఏడు సార్లూ నీ చెయ్యి సరిగ్గానే కొలిచింది. నువ్వే దాన్ని నమ్మలేదు.

ఆ పుస్తకం పట్టుకుని ఆరు వందలకి బదులు నలభై ఒక్క లిఫ్టులే ఆపించారు. నిన్నటికి అన్నింట్లోంచీ ఆ కేసింగులు విప్పేశారు, మంచివి వేశాకే మళ్లీ తిప్పుతారు. రెండింట్లో ఇరుసు అప్పటికే గీసుకుపోయి ఉందట. ఇంకో నెల ఆగితే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మంచి వార్తలే రాస్తే నువ్వు నమ్మవు, కాబట్టి మిగతావి కూడా. నా గడువు ఇంకో మూడు నెలలు పొడిగించారు. గోడ మీది వాక్యం తుడిపించింది మేడమ్. నీ ఫొటో తీసి బీరువాలో పెట్టింది. "కోపంతో కాదు, అబద్ధం గోడ మీద ఉండకూడదు" అంది. ఇకమీదట ఎవరు పాయింటు చెరిపినా ఎందుకు చెరిపారో, ఎంత చూపించిందో పుస్తకంలో రాయాలని రూలు పెట్టింది. కొత్త పుస్తకం కొనలేదు. నీ దాంట్లోనే నలభై ఏడు కింద గీత గీసి ఇచ్చింది. మొదటి పేజీ అలాగే ఉంది.

నిన్న లిఫ్టు ఎక్కాను. మూడో అంతస్తు దాకా కళ్లు మూసుకున్నాను, తర్వాత తెరిచాను.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావో రాయి. పిన్ని చేత రాయించకు. వంకరగా ఉన్నా నేను చదువుకోగలను.

నీ పిచ్చుక